పప్పు ఉడకని ఊరు

దివిసీమ వెళ్ళొచ్చావట కదా, ఎలా ఉంది, ఏం తిన్నావు, హంసలదీవిలో మునిగావా? బందరులో దిగిన దగ్గర్నుంచీ ఇవే ప్రశ్నలు. అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒక్కసారే రాసేస్తున్నాను. చదివేవాళ్ళు చదవండి. చదవనివాళ్ళు దయచేసి నన్ను మళ్ళీ అడక్కండి.

బందరు

నేను ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌ని. రోడ్లకీ, రేవులకీ, బళ్ళకీ, మంచినీళ్ళ చెరువులకీ డబ్బు పంచే బోర్డు ఒకటి ఉంది కదా, అందులో ఆడవాళ్ళ తరఫున ఒకరుండాలని నన్ను నామినేట్ చేశారు. తెల్లచీర కట్టుకుని ఒక మూల కూర్చుని, చివర్లో ధన్యవాదాలు చెబితే చాలనుకున్నారు. మొదటి మీటింగులోనే నేను నోరు విప్పాను. అప్పట్నుంచీ మీటింగంటే ప్రెసిడెంటుగారికి తలనొప్పి వస్తుందని విన్నాను.

ఆ డబ్బు పంచే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పకపోతే తక్కిన కథ మీకు అర్థం కాదు. పూర్వం ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకే డబ్బు దొరికేది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదని ఊరికే అన్నారా? తర్వాత ఎవరో ధర్మాత్ములు ఒక రూలు పెట్టారు. చెరువు కావలసిన ఊరు ఖర్చులో మూడో వంతు తెచ్చుకోవాలి, మిగతా రెండు వంతులూ బోర్డు ఇస్తుంది. వినడానికి ఎంత ధర్మంగా ఉందో చూడండి! తీరా అమలు చేస్తే, వంతు తేగలిగిన ఊళ్ళకి చెరువు వెనక చెరువు వచ్చింది. వంతు తేలేని ఊళ్ళు ఉప్పునీళ్ళు తాగుతూ, బోర్డుకి పన్ను మాత్రం తప్పకుండా కడుతూ వచ్చాయి. అంటే లేనివాడి పన్నుతో ఉన్నవాడి చెరువు తవ్వించామన్నమాట.

నేను దీని మీద ఇన్ని మీటింగుల్లో ఇంత గొడవ చేశాక, చివరికి నన్ను వదిలించుకోవడానికే కాబోలు, ఒక తీర్మానం చేశారు. ఈ ఏడు ఒక్క చెరువు మాత్రం ఊరి వంతు అడక్కుండా ఇస్తారు. అడిగిన ఊళ్ళు రెండు. ఒకటి గుడివాడ పక్కన ఉంది, ఇంకొకటి దివిసీమ అంచున సముద్రానికి దగ్గర్లో ఉంది. ఎవరికి ఎక్కువ అవసరమో కళ్ళారా చూసి రమ్మని ముగ్గురిని పంపారు.

ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. రెండోవారు గుడివాడ ప్లీడరుగారు. ఎవరు ఎక్కువ పన్ను కడితే వాళ్ళకే ఎక్కువ దక్కాలని ఆయన వాదన. మూడోవారు శేషగిరిగారు, బందరులో పాత మెంబరు, పెద్దాయన, చాలా నిష్ఠాపరుడు. తాలూకాలన్నిటికీ సరిసమానంగా పంచాలని ఆయన వాదన. ఒక్క చెరువుని తాలూకాకో ముక్క ఎలా చేస్తారండీ అంటే, వంతులవారీగా ఇద్దామమ్మా, తొందరేముంది అంటారు. ఆయన ఇంటి వెనక మంచినీళ్ళ బావి ఉంది మరి, తొందరెందుకుంటుంది!

గూడూరు దాటాక

గుడివాడకి రైల్లో వెళ్ళొచ్చు. కానీ శేషగిరిగారికి రైలు డబ్బాలో మడి నిలవదట, అందుకని బస్సెక్కాం. బస్సులో ఏం నిలిచిందో ఆయనే చెప్పాలి. గూడూరు దగ్గర బస్సు ఆగిపోయింది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, ఒక చుట్ట వెలిగించుకుని, ఇంజన్ని చూస్తూ కూర్చున్నాడు. చుట్ట అయిపోయాక బస్సు దానంతటదే కదిలింది. ఆయన ఏం చేశాడో, అసలేమైనా చేశాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఆగినంతసేపూ నా పక్క సీటులో ఉన్న చిలకలపూడి గిల్టు నగల వ్యాపారి పెట్టె తెరిచి నాకు గాజులు అమ్మాలని చూశాడు. జత నాలుగణాలన్నాడు, నేను వద్దంటే మూడుకి దిగాడు, నేను కిటికీలోంచి చూస్తుంటే రెండుకి దిగాడు. నగలు పెట్టుకోనని చెబితే జాలిపడ్డాడు. వ్యాపారం ఎలా ఉందని అడిగాను.

"గుడివాడ వైపోళ్ళు దొంగల భయానికి కొంటారండీ. అసలు నగలు పెట్టెలో పెట్టి ఇవి వేసుకుంటారు. దివి వైపోళ్ళు ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు కొంటారండీ. ఉన్నోళ్ళు లేనట్టు కనపడాలంటారు, లేనోళ్ళు ఉన్నట్టు కనపడాలంటారు. మధ్యలో నా పెట్టె ఖాళీ అవుద్ది" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. అతను పామర్రులో దిగిపోయాడు.

గుడివాడ పక్కన

గుడివాడ బజార్లో కాఫీ హోటల్లో ఇడ్లీ చాలా బాగుంటుంది. మా బందరులో చట్నీ గంటెతో కొలిచి వేస్తారు, ఇక్కడ గిన్నె తెచ్చి పక్కన పెట్టేస్తారు. ఈ ఒక్క విషయంలో గుడివాడవాళ్ళ పంపకం నాకు నచ్చింది. శేషగిరిగారు ఏమీ ముట్టలేదు. ఆయన వెంట రాగి చెంబుతో బందరు నీళ్ళు, మూటలో అటుకులు తెచ్చుకున్నారు. ప్లీడరుగారు మంచినీళ్ళకి బదులు గోలీసోడా తాగారు. బయటి ఊళ్ళ నీళ్ళు తాగితే ఆయనకి పడిశం పడుతుందట. తాగే నీళ్ళ సంగతి తేల్చడానికి బోర్డు పంపిన మనుషులు వీళ్ళు! నేనొక్కదాన్నే నీళ్ళు తాగాను.

ఊరికి రెండెడ్ల బండిలో వెళ్ళాం. పొలిమేరలోనే ఒక పాత మంచినీళ్ళ చెరువు, కాలవ నుంచి నిండుగా నీళ్ళు పారుతూ కనిపించింది. ఇదేమిటంటే, ఇది పశువులకి అన్నారు. కొంచెం ముందుకి వెళ్ళాక ఇంకోటి కనిపించింది. అది బట్టలుతుక్కోడానికట. మనుషులు తాగడానికి మాత్రం పాపం ఏమీ లేదట!

మమ్మల్ని ఊళ్ళోకెల్లా పాత పెంకుటింటికి తీసుకెళ్ళారు. ఊరిపెద్ద చిరిగిన పంచె కట్టుకుని, భుజాన మాసిన తువ్వాలు వేసుకుని ఎదురొచ్చాడు. వరండాలో ఒక్క కుక్కిమంచం ఉంది. గోడకి పెద్ద అద్దం తీసేసిన చోట చదరపు మచ్చ తెల్లగా మెరుస్తోంది. లోపల ఆడవాళ్ళ మెడలు బోసిగా ఉన్నాయి, పుస్తెలు కట్టిన పసుపుతాడు మాత్రం ఉంది. నాలుగు గొలుసులు వేసుకునే మెడ మీద నాలుగు లేత గీతలు పడి ఉన్నాయి. కొట్టంలో పశువులు లేవు, కుప్పలుగా తాజా పేడ మాత్రం ఉంది.

"గడ్డు రోజులండీ టీచరమ్మగారూ, గంజి తాగి బతుకుతున్నాం" అన్నాడు ఊరిపెద్ద. ఆ మాట అంటూ ఉండగానే ఆయనకి పెద్ద ఆవులింత వచ్చింది. నోరు తెరిచాడు. ముందు పన్నుకి బంగారం కట్టించి ఉంది. బట్టలూ పశువులూ దాచగలరు గానీ, నోరు ఎంతసేపు దాస్తారు? శేషగిరిగారు చూసి తల తిప్పుకున్నారు. ప్లీడరుగారు మాత్రం "చూశారా అమ్మా, గంజి తాగుతున్నారట" అన్నారు. ఆయన పొలాలు ఆ ఊళ్ళోనే ఉన్నాయని తర్వాత బండివాడు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పులిగడ్డ రేవు

దివిసీమకి దారి పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీదుగా, పడవలోనే. మనుషులు, మేకలు, సైకిళ్ళు, తాటాకు బుట్టల్లో కోళ్ళు, అన్నీ ఒకటే పడవ. మనిషికి అర్ధణా తీసుకున్నారు. కోడికి ఏమీ లేదు గానీ కోళ్ళ బుట్టకి ఉంది. నా సంచికి కూడా అడిగారు. సంచిలో పుస్తకాలూ, ఒక చీరా, ఎనామిల్ గ్లాసూ తప్ప ఏమీ లేవంటే పడవవాడు తెరిచి చూశాడు.

పడవవాడికి నేనెవరో ఎలా తెలిసిందో గానీ, అవతలి ఒడ్డు చేరేదాకా నన్ను వదల్లేదు. "ఈ రేవు వేలంపాట డబ్బంతా మీ బోర్డుకే కదండీ? దివోడు ఎక్కితే డబ్బు, దిగితే డబ్బు. మా డబ్బుతో గుడివాడ రోడ్డు మీద కంకర పోయిస్తారు. మా రేవుకి మెట్లు కట్టమంటే ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేదు" అని తిట్టాడు. న్యాయమే కదా అని నేను తల ఊపాను. అంతలో ఒడ్డొచ్చింది. మెట్లు లేని ఒడ్డు మీద శేషగిరిగారు జారి, బురదలో నడుము లోతు కూరుకుపోయారు. రాగి చెంబు పైకెత్తి పట్టుకుని ఆ బందరు నీళ్ళు మాత్రం కాపాడుకున్నారు. పడవవాడు ఆయన్ని లేవదీసి, దానికి వేరే డబ్బు అడిగాడు.

పేరు రాయని ఊరు

అవనిగడ్డ నుంచి బండి. కాలవలు, వరి చేలు, తాటి చెట్లు. ముందుకి వెళ్ళేకొద్దీ చేలు పలచబడి, నేల తెల్లగా ఉప్పు పేరుకుని, గాలికి నాలిక మీద కూడా ఉప్పు తగులుతుంది. పాలకాయతిప్ప సముద్రం హోరు వినిపిస్తూ ఉండగా ఆ ఊరు వచ్చింది. ఊరి పేరు నేను రాయను. ఎందుకు రాయనో మీకే తెలుస్తుంది.

గుడివాడ పక్కన చూసిందానికి ఇక్కడంతా తిరగేసి ఉంది. వీధి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గులు పెట్టారు. గుంతల్లో ఎండుగడ్డి పరిచి పైన మట్టి పోశారు. మునసబుగారి ఇంటి అరుగు మీద ఆరు కుర్చీలు వేశారు, ఏ రెండూ ఒక పోలిక లేవు. ఒక కుర్చీ వెనక అవనిగడ్డ బడి పేరు రంగుతో రాసి ఉంది. అరుగు చివర తళతళలాడే ఇత్తడి బిందె, దాని మీద బోర్లించిన మరచెంబు ఉన్నాయి. మునసబుగారు ఇస్త్రీ చొక్కాలో ఎదురొచ్చి, "దయచెయ్యండి, దయచెయ్యండి" అంటూ పొంగిపోయారు.

మాకంటే ముందే ఇద్దరు ఆ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. పామర్రు వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన, పక్కనే వాళ్ళావిడ. మునసబుగారి అబ్బాయికి వాళ్ళ అమ్మాయిని ఇచ్చే మాట నడుస్తోంది, ఇల్లూ వాకిలీ చూసుకుని వెళ్దామని వచ్చారు. బోర్డువాళ్ళూ పెళ్ళివారూ ఒకే రోజున! ఇదేం తెలివండీ అని నేను బండివాడిని పక్కకి పిలిచి అడిగాను. వాడు గొంతు తగ్గించి, "కుర్చీలు ఒక్కసారే తేవచ్చు, ఆ నీళ్ళ బండి ఒక్కసారే తేవచ్చు అనుకున్నారండీ. ఒక్క ఖర్చుతో రెండు పనులు" అన్నాడు. నీళ్ళ బండి ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

శేషగిరిగారు అరుగు మీద ఒక మూల తన పీట తను వేసుకున్నారు. ప్లీడరుగారు కుర్చీలో కూర్చున్నారు. నాతో మాత్రం ఎంతో మర్యాదగా, "టీచరమ్మగారు పెరటి వైపు దయచేస్తే చల్లగా ఉంటదండీ" అన్నారు. మా తాతగారి కాలంలో మా వాళ్ళు ఊరి బయట బతికారు. నేను హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను, బోర్డు మెంబర్నయ్యాను, అరుగు మీదకి మాత్రం ఇంకా రాలేదు. ఈ మర్యాద నాకు కొత్తేం కాదు. అయినా ప్రతిసారీ కొత్తగానే గుచ్చుకుంటుంది, లేదంటే అబద్ధమే అవుతుంది.

పెరట్లో

పెరట్లో మునసబుగారి భార్య నాంచారమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉంది. నాకో చాప వేసింది. ఒక పొయ్యి మీద పప్పు మెత్తగా ఉడికి ఘుమఘుమలాడుతోంది. ఇంకో పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. పప్పు అరుగు మీదవాళ్ళకీ, పులుసు ఇంట్లోవాళ్ళకీ అట. మా బందరులో అయితే చేపల పులుసే చుట్టాలకి పెడతారు, పప్పు ఇంట్లోవాళ్ళు తింటారు. ఇదేం తిరకాసని అడిగాను. ఆమె నవ్వి మాట తప్పించింది.

దాహంగా ఉంది, నీళ్ళిమ్మన్నాను. ఆమె ఎందుకో గాభరా పడింది. ఇటు చూసింది, అటు చూసింది, తర్వాత బావి దగ్గర కడవలోంచి చెంబుతో ముంచి తెచ్చింది. దోసిలి పట్టాను, పైనుంచి పోసింది. ఒక్క గుక్క కూడా మింగలేకపోయాను. సముద్రం నీళ్ళంత ఉప్పు కాదు గానీ, గొంతు దిగని ఉప్పు, చేదు కలిసిన ఉప్పు. నేను ఉమ్మేసి ఆమె వైపు చూశాను.

"తప్పయిపోయిందండీ. మంచినీళ్ళ బిందె ముందరికి వెళ్ళిపోయింది. మీకు పోద్దామంటే చుక్క మిగల్లేదు" అంది నాంచారమ్మ.

"ముందున్న నీళ్ళు ఎక్కడివి?"

"అవనిగడ్డ నుంచి బండి మీద తెచ్చినయ్యండీ. ఈ పప్పు కూడా ఆ నీళ్ళతోనే ఉడికింది. మా నీళ్ళతో పప్పు ఉడకదు. అందుకే మేం పులుసే తింటాం."

"అయితే బోర్డువాళ్ళకి ఆ నీళ్ళెందుకు పోశారు? ఉప్పునీళ్ళు పోస్తేనే కదా చెరువిస్తారు! మీ కోసమే కదా ఇంత దూరం పడవలూ బళ్ళూ ఎక్కి వచ్చింది!" నా గొంతు పెరిగిపోయింది.

ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టబోయి, మధ్యలోనే ఆగిపోయింది. "మెల్లిగా అనండి తల్లీ, పెళ్ళివారున్నారు. ఉప్పునీళ్ళ ఊరికి పిల్లనెవరిస్తారండీ? మా ఊరికి ఎవరొచ్చినా మంచినీళ్ళే పోస్తాం. ఏ చుట్టం ఏ సంబంధం తెస్తాడో తెలవదు గదా. నన్నూ అట్టాగే తెచ్చారు. మాది పెదపారుపూడి దగ్గర. మా నాయన వచ్చినప్పుడు ఈ అరుగు మీదే తియ్యటి నీళ్ళు పోశారు. నేను కాపరానికొచ్చి పప్పు పొయ్యి మీద పెడితే, మధ్యాహ్నం దాకా ఉడకలా. నాకు వంట రాదనుకుని ఏడ్చాను. అప్పుడు మా అత్త చెప్పింది, తప్పు నీ చేతిది కాదమ్మా, నీళ్ళది అని. ఈ ఊళ్ళో కోడళ్ళందరం అట్టా వచ్చినోళ్ళమే."

గుడివాడ పక్కన బంగారప్పన్ను పెట్టుకుని గంజి తాగుతున్నామన్నారు. ఇక్కడ గొంతు ఎండిపోతున్నా మాకేం లోటులేదంటున్నారు. ఇద్దరూ అబద్ధమే ఆడుతున్నారు, కానీ వాళ్ళ అబద్ధానికి చెరువొస్తుంది, వీళ్ళ అబద్ధానికి చెరువు పోతుంది.

"చెప్పు నాంచారమ్మా. నువ్వొచ్చి ఆ మాట అరుగు మీద చెప్పు" అన్నాను.

ఆమె పొయ్యిలో కట్టె సరిచేసింది. "చెరువొస్తే ఊరందరికీ వచ్చిద్దండీ. పిల్ల పోతే నా ఒక్కదానికే పోద్ది" అంది. బోర్డు మీటింగుల్లో పంపకాల గురించి నేను విన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు.

అరుగు మీద

అరుగు మీదవాళ్ళ భోజనాలయ్యాక నా సంచిలోంచి ఎనామిల్ గ్లాసు తీసి, బావి నీళ్ళు పట్టుకుని, ముందు వైపుకి వెళ్ళాను. అరుగు ఎక్కలేదు, కింద నిలబడ్డాను. అప్పటికే ప్లీడరుగారు మాకు సెలవిప్పించండంటున్నారు. "మీ ఊరికేం లోటుందండీ మునసబుగారూ, కుర్చీలున్నాయి, ఇత్తడి బిందెలున్నాయి, పప్పన్నం పెట్టారు. నీళ్ళెలా ఉన్నాయో మీ నోటితో మీరే చెప్పండి" అన్నారు. ఆయన లాయరు కదా, ఎప్పుడు ఏ ప్రశ్న అడగాలో బాగా తెలుసు.

మునసబుగారు పామర్రు ఆయన వైపు ఒకసారి చూశారు. "కొబ్బరినీళ్ళేనండీ! మా ఊరి నీళ్ళకి ఎవరూ వంక పెట్టలేదు" అన్నారు. అర్జీ పెట్టింది ఈయనే, చెరువు కావాలన్నది ఈయనే! నాకు అరుగు మీదకి దూకి ఆయన భుజాలు పట్టి ఊపెయ్యాలనిపించింది.

గ్లాసు అరుగు అంచున పెట్టాను. "ఇవి పెరటి బావి నీళ్ళు. ఒక్క గుక్క తాగి చూడండి" అన్నాను.

ప్లీడరుగారు గ్లాసు వైపు చూడలేదు. "నాకు పడిశం పడుతుందని తెలుసు కదమ్మా మీకు. అయినా ఒక బావి ఉప్పయితే ఊరంతా ఉప్పా?" అన్నారు. శేషగిరిగారు తన రాగి చెంబు దగ్గరికి లాక్కుని, "ఆయన ఊరు, ఆయన నోరు. ఆయనే బాగున్నాయంటుంటే మనం కాదనడం బావుండదమ్మా" అన్నారు. నా చేతి గ్లాసులో నీళ్ళు ఆయన ఎలాగూ తాగరు.

పామర్రు ఆయన గ్లాసు వైపే చూస్తున్నాడు. నేను ఇంకేదో అనబోతుంటే తలుపు గొళ్ళెం చప్పుడైంది. నాంచారమ్మ గడప దాటి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది. కొంగు తల మీదకి లాక్కుని ఉంది.

"ఆ బిందెలోయి అవనిగడ్డ నీళ్ళు. మా నీళ్ళు టీచరమ్మగారు తెచ్చినయ్యి. మా ఊళ్ళో ఏ బావీ బాగుండదు. ఇక్కడ పప్పు ఉడకదు" అంది.

"నీకేమన్నా మతి పోయిందా? లోపలికి పో!" అని మునసబుగారు లేచారు.

ఆమె వెళ్ళలేదు. పామర్రు ఆయన భార్య వైపు తిరిగి, "నాకు చెప్పినోళ్ళు లేరు వదినా. మీ పిల్లకి నేను చెబుతున్నా" అంది. మునసబుగారు కుర్చీలో కూలబడిపోయారు. ఎండ అరుగు మీదకి వచ్చేసింది, ఎవరూ కుర్చీలు జరుపుకోలేదు.

కాసేపటికి పామర్రు ఆయన ఉత్తరీయం దులుపుకుని లేచాడు. "మంచిరోజు చూసుకుని కబురు చేస్తాం బావగారూ" అన్నాడు. ఆ కబురు రాదని అరుగు మీద ఉన్న అందరికీ తెలుసు, అన్న ఆయనకి కూడా తెలుసు. ఆయన భార్య మాత్రం వెంటనే బండెక్కలేదు. ఆ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. మొహం చిట్లించలేదు, మింగేసింది. నాంచారమ్మ చెయ్యి పట్టుకుని, "చెప్పి పుణ్యం కట్టుకున్నావు వదినా" అంది. వదినా అని పిలుస్తూనే వెళ్ళిపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఎవరి మీదో నాకే తెలియలేదు.

మేము బండెక్కేటప్పుడు పెరటి గుమ్మం వైపు చూశాను. నాంచారమ్మ అక్కడ కూర్చుని మిగిలిన పప్పు చుట్టుపక్కల ఆడవాళ్ళ గిన్నెల్లో పెడుతోంది. మెత్తటి పప్పు వాళ్ళకి ఎప్పుడో గానీ దొరకదు కదా. నాకు కూడా కొంచెం ఆకులో పెట్టి పంపింది.

మళ్ళీ బందరు

తిరుగు పడవలో ప్లీడరుగారు "నాటకం రక్తి కట్టింది" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. నోరు తెరిస్తే ఆయన్ని కృష్ణలో తోసేసేదాన్నేమో. శేషగిరిగారు మాత్రం అవతలి ఒడ్డు చేరాక చెంబు నీళ్ళు కృష్ణలో ఒంపేసి, "ఈసారికి దివి వాళ్ళకే ఇద్దామమ్మా. ఇది వంతుల లెక్క కాదు" అన్నారు. ఆయన అంతమాట అంటారని నేననుకోలేదు, సంతోషించాను.

మీటింగులో ప్లీడరుగారు చాలాసేపు వాదించారు. ఎక్కువ పన్ను కట్టేవాడి నోట మట్టి కొట్టి తక్కువ కట్టేవాడికి పెడితే రేపు ఎవడు కడతాడన్నారు. ఓట్లు పడ్డాయి. స్వల్ప తేడాతో చెరువు దివిసీమకే వచ్చింది. ఓడిపోయినా ఆయన ఊరుకోలేదు. లేచి నిలబడి, "సరే, ఇచ్చారు. కానీ ఇది వాటా అనకండి, దానం అనండి. ఊరి వంతుగా ఏమీ ఇవ్వలేదని స్పష్టంగా రాయించండి, రేపు ఇంకో ఊరు ఇదే అడుగుతుంది" అన్నారు. నలుగురూ తలలూపారు. ప్రెసిడెంటుగారు గుమాస్తా వైపు చూసి, రాసుకోవయ్యా అన్నారు.

నేను లేచాను. ప్రెసిడెంటుగారు అప్పుడే కణతలు నొక్కుకోవడం మొదలుపెట్టారు.

"ఏమీ ఇవ్వలేదని రాయకండి. ఆ ఊరు తన వంతు ఇచ్చింది" అన్నాను.

"ఏమిచ్చిందమ్మా?"

"ఇంటికి రావలసిన కోడల్ని ఇచ్చింది."

ఎవరూ నవ్వలేదు. ప్లీడరుగారు కూడా నవ్వలేదు, ఆయన ఆ అరుగు మీద ఉన్నారు కదా. ప్రెసిడెంటుగారు వేళాకోళానికి కాదు, నిజంగానే, చాలా మర్యాదగా అడిగారు: "అది ఏ పద్దు కింద రాయమంటారమ్మా?"

గుమాస్తా కలం పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. ఇన్నేళ్ళుగా బోర్డులో ప్రతి మాటకీ మాట అప్పజెప్పినదాన్ని, ఆ ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. కూర్చున్నాను. ఏమీ ఇవ్వలేదనే రాసుకున్నారు.